ఏరుటయు ఏరివేయుటయు

ఒకే పనికి, చేయువానినిబట్టి పేరు మారుట తెలుగు ఇండ్లలో నిత్యము వినబడు విషయమే. వడ్డించిన కూరను పసివాడు ప్రక్కకు నెట్టినయెడల దానిని మారాము అందురు. క్రొత్త అల్లుడు అదే కూరను ముట్టనియెడల బెట్టు అందురు. ఇంటి పెద్ద ఉప్పు తక్కువైనదనియు, పోపు మాడినదనియు దినదినము చెప్పుచుండినయెడల చాదస్తము అందురు. హైదరాబాదు ప్రాంతమున ఉర్దూనుండి వచ్చిన నఖరాలు అను మాట పిన్నలకును పెద్దలకును చెల్లును. ధనవంతురాలు దుకాణములో నలువది చీరలు విప్పించి, ఒక్కటియు నచ్చక లేచిపోయినయెడల ఆమెకు మంచి అభిరుచి కలదని చెప్పుకొందురు. అయితే ఆమె ఇంట అంట్లు తోము స్త్రీ నిన్నటి అన్నము వద్దనినయెడల ఆ మాటకు పెట్టు పేరు పొగరు.

పని ఒక్కటే, తనముందున్నదానిని కాదనుట. పేర్లు మాత్రము ఆరు. ఈ ఆరు పేర్లను వరుసగా పెట్టి చూచినయెడల, లోకము తీర్పు తీర్చుచున్నది కాదనుటను గూర్చి కాదనియు, కాదను మనిషిని గూర్చియే యనియు తెలియును. బలముగలవాడు కాదనినప్పుడు అది గుణము. బలహీనుడు కాదనినప్పుడు అది దోషము. ఈ కొలత సరియైనదేనా? కానియెడల, ఏరికోరి తీసికొను స్వభావమును దేనితో కొలువవలెను? చిన్న ప్రశ్నవలె కనబడినను, ఇది వంటయింటినుండి పెండ్లి పందిరివరకు, పందిరినుండి దేవాలయపు బల్లవరకు వచ్చు ప్రశ్న.

వంక అను మాట

ఈ స్వభావమును గూర్చి తెలుగువారు తరచుగా వాడు పలుకుబడి వంకలు పెట్టుట. వంక అనగా మొదట వంపు. వంకర అను మాటలోను, నెలవంక అను అందమైన మాటలోను ఆ వంపే యున్నది. మెలికలు తిరుగుచు పారు చిన్న ఏటికిని వంక అనియే పేరు. వాగులు వంకలు అని జంటగా చెప్పుదురు. చూపు తిరిగిన దిక్కును సహితము వంక అందురు. ఆకాశము వంక చూచెననియు, తలుపు వంక చూచెననియు చెప్పుట వాడుక. నెపమునకును అదే మాట. పని వంకతో వచ్చి పోయెనందురు. కడపట, లోపమునకును అదే మాట.

ఈ అర్థములను ఒకచోట చేర్చి చూచినయెడల భాష తనకు తానే ఒక వివేకము చెప్పుచున్నట్లున్నది. వంక కొన్నిసార్లు నిజముగా వస్తువునందే యుండును. కొన్నిసార్లు అది చూచువాని చూపు తిరిగిన దిక్కునందుండును. మరికొన్నిసార్లు అది మనస్సులో ముందే నిశ్చయమైనదానికి పైకి చూపు నెపము మాత్రమే. వంక పెట్టువాడు మొదట తెలిసికొనవలసినది, తాను చూపుచున్న వంక ఈ మూటిలో ఏది యని.

ఎంచుట అను క్రియయు ఇట్టిదే. ఎంచుట అనగా లెక్కించుట, తలంచుట, ఎన్నుకొనుట. తప్పు పట్టుటయు ఎంచుటయే. ఎన్నికయు, తప్పులెన్నుటయు ఒకే ఇంటి మాటలు. లెక్కింపక ఎన్నుకొనలేరు, ఎన్నుకొనుచు తప్పు చూడక యుండలేరు. కాబట్టి ఏరుకొనుటను పూర్తిగా పాపమని త్రోసివేయుట వివేకము కాదు. ఉప్పునకును కర్పూరమునకును రూపు ఒక్కటే కాని రుచి వేరని వేమన నేర్పిన పాఠము తెలుగు బడిపిల్లలు వల్లించినదే. పౌలు ఫిలిప్పీ సంఘమువారి కొరకు చేసిన ప్రార్థనలో కోరినదియు, వారి ప్రేమ వివేచనతో కూడి పెరిగి, శ్రేష్ఠమైనదానిని గుర్తించవలెననియే. గుర్తింపలేని ప్రేమ గ్రుడ్డిది. అయితే గుర్తించుట వేరు, గుర్తించినవెంటనే పారవేయుట వేరు.

చేటలోని పాఠము

ఆ భేదము చేట పట్టిన స్త్రీకి బాగుగా తెలియును. మరపట్టిన సంచులలో శుభ్రపరచిన బియ్యము రాని దినములలో ప్రతి ఇంటను ప్రొద్దుట బియ్యము చెరుగుట, ఏరుట తప్పని పని. రాళ్లు ఒకవైపు, వడ్లగింజలు ఒకవైపు, మట్టిబెడ్డలు ఒకవైపు తీసివేసెడివారు. ఆ ఏరుటలో అనేక నియమములున్నవి. రాయిని వెదకునది బియ్యమును తినుటకు గాని, బియ్యమును నిందించుటకు కాదు. రెండు రాళ్లు కనబడినవని చేటెడు బియ్యమును ఎవరును పారబోయరు. మరియు ఏరివేసినది వ్యర్థము కాలేదు. నూకలు ఉప్మాకో జావకో పనికివచ్చినవి. వడ్లగింజలు కోళ్లకు పోయినవి. తవుడును కడుగునీళ్లును కుడితిలో చేరి పశువులకు పోయినవి. తీసివేయబడిన ప్రతిదానికి ఒక చోటు దొరికినది.

గుంటూరు ప్రాంతమున మిరపకాయలు ఎండిన తరువాత స్త్రీలు కల్లములో కూర్చుండి రంగు తప్పిన తాలుకాయలను వేరుచేయుదురు. చేతులు మండుచుండగా, కన్నులు మండుచుండగా, వారు చూపు తప్పనీయక ఏరుదురు. తాలుకాయలను పారవేయరు, తక్కువ ధరకైనను అవియు అమ్ముడగును. ఆ స్త్రీలకున్న సూక్ష్మదృష్టి ఏ చీరల దుకాణములోను కనబడునది కాదు. అయినను ఆ దృష్టిని అభిరుచి యని ఎవరును పొగడరు, అది కూలిపని. సొంత సుఖమునకై ఏరుకొనువాడు ఇతరుల శ్రమమీద కూర్చుండి ఏరుకొనును; కూలికి ఏరునది తన శ్రమతో ఇతరులకొరకు ఏరును.

ఈ రెండు దృష్టాంతములనుండి కొలత యొకటి లభించుచున్నది. ఏరుకొనువాడు ఎంత నాజూకైనవాడనునది ప్రశ్న కాదు. ఏరివేయబడినది ఏమగుచున్నది? కాదనినందువలన కలుగు ఖర్చును ఎవరు చెల్లించుచున్నారు? ఇదే ప్రశ్న.

పళ్లెము ముందర

ఈ కొలతను మొదట పిల్లవాని పళ్లెము ముందర పెట్టి చూడవచ్చును. శిశువులు పుట్టుకతోనే తీపిని కోరి చేదును ఉమ్మివేయుదురు. కాకరకాయ యెదుట మూతి త్రిప్పుకొను బిడ్డ తల్లిని అవమానించుచున్నవాడు కాడు. ఇంచుమించు రెండవ యేటినుండి ఆరవ యేటివరకు క్రొత్త పదార్థములనగా బెదరుట సామాన్యమని శిశువుల ఆహారపు అలవాట్లను పరిశీలించినవారు చెప్పుదురు. బలవంతము చేయక, అదే పదార్థమును కొద్దికొద్దిగా ఎనిమిది పదిసార్లు, కొన్నియెడల అంతకంటె ఎక్కువసార్లు, రుచి చూపినయెడల చాలమంది బిడ్డలు దానిని అంగీకరింతురని కూడ తెలిసియున్నది. దెబ్బ చేయలేని పనిని ఓపిక చేయుచున్నది.

మరికొందరి విషయములో ఓపికయు చాలదు. కొన్ని ఆహారములు నోటికి తగిలిన మాత్రమున భరింపలేని బాధ కలిగి, బిడ్డ ఎదుగుదల చెడునంతగా తిండి మానుట ఒక రుగ్మతయని 2013లో అమెరికా మనోవైద్య సంఘము ప్రచురించిన రోగవర్గీకరణ గ్రంథము ప్రత్యేకముగా పేర్కొనెను. అంతకుముందు అట్టి బిడ్డలు మొండివారనియు, గారాబముచేత చెడినవారనియు అనిపించుకొనిరి. వైద్యుడు కావలసినచోట బెత్తము వచ్చినది. కావున ఒక బిడ్డ తిననప్పుడు పేరు పెట్టుటకు తొందరపడుట క్షేమము కాదు.

పెద్దవారి సంగతి వేరు. ఇశ్రాయేలీయులు అరణ్యములో మన్నాను చూచి విసిగిన కథ సంఖ్యాకాండము 11వ అధ్యాయములో కలదు. వారికి ఐగుప్తులోని చేపలు, కీరకాయలు, దోసకాయలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి జ్ఞాపకము వచ్చినవి. నిత్యము ఒకే ఆహారము తిని విసుగుట మనుష్యస్వభావమే, దానిని పరిహసింపనక్కరలేదు. అయితే వారి జ్ఞాపకములో దోసకాయ మిగిలినది, కొరడా మిగులలేదు. ఆ కూరల వెల తమ దాస్యమే యని వారు మరచి, అవి ఉచితముగా దొరికినవనుకొనిరి. ప్రస్తుతము చేతిలోనున్నదానిని హీనపరచుటకై గతమును తియ్యగా చేసికొనుట వంకలు పెట్టువాని సామాన్య లక్షణము. ఆ సణుగుడు బరువు మోయలేక మోషే చావునైనను కోరునంతగా క్రుంగెను. వారు విసిగిరి, వెల చెల్లించినది మోషే.

దానియేలు కథ దీనికి ఎదురుగా నిలుచును. బబులోను రాజు బల్లనుండి వచ్చిన శ్రేష్ఠమైన భోజనమును ఆయన వద్దనెను. రాజు పోషణలోనున్న చెరపట్టబడిన యువకుడు రాజు వంటను కాదనుట పొగరని ఆ నగరులో ఎవరైనను అనుకొనవచ్చును. అయితే ఆయన కాదనిన తీరు గమనింపదగినది. తనకు మంచిది వేయుమని అడుగలేదు. శాకధాన్యములును నీళ్లును చాలుననెను. తన నియమమువలన అధికారి తలకు అపాయము రాకుండునట్లు పది దినములు పరీక్షించి చూడుమని మర్యాదగా విన్నవించెను. కాదనిన దానిని తానే మోసెను, ఇతరులమీద వేయలేదు. మనస్సాక్షి నిమిత్తము కాదనుటకును, నాలుక నిమిత్తము కాదనుటకును ఉన్న భేదమిదే.

పేదవాని ఇష్టము

పేదవానికి ఇష్టమను మాట తగునా? ఆకలి రుచి ఎరుగదని తెలుగు సామెత. అది ఆకలిగొన్నవాని స్థితిని చెప్పిన మాట. కడుపు నిండినవాడు ఆకలిగొన్నవానికి శాసించిన మాట కాదు. అయినను ఆ సామెతను శాసనముగా వాడినవారే ఎక్కువ.

1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కిలో 2 రూపాయలకు బియ్యమిచ్చు పథకమును ఆరంభించినప్పుడు అనేక గృహములలో గంజికి బదులు అన్నము వండబడెను. అది గొప్ప మేలు. కాలక్రమమున చౌకధరల దుకాణపు దొడ్డుబియ్యమును తీసికొనినవారిలో కొందరు దానిని అమ్మివేసి, మరికొంత రొక్కము చేర్చి సన్నబియ్యము కొనసాగిరి. అప్పుడు వినబడిన మాట, ఉచితముగా వచ్చినదానికి కూడ వంకలా యనునది. ఆ మాట అనినవారిలో దొడ్డుబియ్యమును తమ ఇంట వండుకొనినవారు అరుదు. తాను తిననిదానిని ఇతరుడు సంతోషముగా తినవలెనని కోరుట వింతైన ధర్మము.

తెలంగాణ ప్రభుత్వము 2015 జనవరినుండి వసతిగృహములలోను, బడులలోని మధ్యాహ్న భోజనములోను సన్నబియ్యపు అన్నము పెట్టుటకు ఆరంభించెను. 2025 మార్చి 30వ తేదీన, ఉగాది పండుగనాడు, హుజూర్‌నగర్‌లో చౌకధరల దుకాణముల ద్వారా మనిషికి 6 కిలోల చొప్పున సన్నబియ్యము ఇచ్చు పథకము మొదలైనది. సన్నబియ్యములో బలము హెచ్చని కాదు. తవుడు పోగొట్టుకొనిన తెల్లని బియ్యము ఏదైనను పోషకములు తగ్గినదే. రాజకీయముల లాభనష్టములను ఎంచువారు వేరుగా ఎంచవచ్చును. ఇక్కడ చూడవలసినది, పేదవాని పళ్లెములోని అన్నము అధికారి పళ్లెములోని అన్నమును పోలియుండుటలో ఒక గౌరవము కలదని ఒప్పుకొనబడుటయే. కడుపు నింపుట దయ. తినువాని ఇష్టము నడుగుట అతనిని మనుష్యునిగా ఎంచుట.

క్రైస్తవ గృహములు ఇక్కడ తమ్మును తాము పరీక్షించుకొనవచ్చును. క్రిస్మసునాడు బీదలకు పంచుటకై తీసిన చీర ఎట్టిది? ఇంటివారు కట్టుటకు ఇష్టపడనిదైనందున అది దానముగా మారినదా? తీసికొనిన స్త్రీ రంగు మార్చి ఇమ్మని అడిగినయెడల ఇచ్చువారి ముఖము ఎట్లు మారును? ఆ క్షణములో ఆమె వంక పెట్టుచున్నదా, లేక ఇచ్చువారి చూపు వంకర తిరిగినదా?

యొర్దాను ఒడ్డున

వంకలు పెట్టువాడు ఇతరులనే గాక తన్నును నష్టపరచుకొనును. సిరియా సేనాధిపతియైన నయమాను కుష్ఠు బాగుపడుటకై ఎలీషా యింటికి వచ్చెను. ప్రవక్త తానే బయటికి రాక, యొర్దానులో ఏడుమారులు స్నానము చేయుమని దూతచేత చెప్పి పంపెను. నయమానుకు కోపము వచ్చెను. దమస్కులోని అబానా, ఫర్పరు నదులు ఈ దేశపు నీళ్లన్నిటికంటె శ్రేష్ఠములు కావా యని అతడు తిరిగిపోవుచుండెను. నీళ్ల మంచిచెడ్డలను గూర్చి అతడు చెప్పినది నిజమే కావచ్చును. అయితే అతనికి నొప్పి కలిగించినది నీళ్ల మురికి కాదు. తన అంతస్తునకు తగిన మర్యాద జరుగకపోవుట. మర్యాద అని చెప్పుకొనుటకు సిగ్గుపడి నది అని చెప్పెను. నెపమను అర్థములో వంక యనగా ఇదియే.

అతనిని రక్షించినవారు ఎవరు? మొదట, ఎలీషా సంగతి తెలిపినది ఇశ్రాయేలు దేశమునుండి చెరపట్టబడిన చిన్న దాసి. తరువాత, దగ్గరకు వచ్చి బ్రతిమాలినవారు అతని సేవకులు. ఆ యింట ఏది నచ్చినదనియు ఏది నచ్చలేదనియు చెప్పుటకు హక్కులేనివారే యజమానుని నచ్చుబాటునుండి యజమానుని విడిపించిరి.

ఈ కాలపు పరిశోధకులును దీనికి దగ్గరి సత్యమును మరియొక త్రోవన చేరిరి. 1978లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమతి పొందిన హెర్బర్ట్ సైమన్ 1956లోనే ఒక వ్యాసములో, జీవులు బ్రతుకులో అత్యుత్తమమైనదానిని వెదకుచు కూర్చుండవనియు, చాలినంత మంచిది దొరికినచోట నిలిచిపోవుననియు వివరించెను. 2002లో బ్యారీ ష్వార్ట్జ్ అనువాడు తన తోడివారితో కలిసి ప్రకటించిన పరిశీలనలో, ప్రతి విషయములో అన్నిటికంటె మంచిదే కావలెనను స్వభావముగలవారు, చాలినదానితో తృప్తిపొందువారికంటె సగటున తక్కువ సంతోషమును ఎక్కువ పశ్చాత్తాపమును కలిగియుండిరని తేలినది. పదింటిలో ఒకటి తీసికొనినవానికి మిగిలిన తొమ్మిదియు రాత్రి నిద్రలో కనబడును. ఏరికోరి తెచ్చుకొనినది చేతిలోనుండగా విడిచినదానికై దుఃఖించుట ఎంత వింత దారిద్ర్యము!

మనుష్యులను ఏరుట

వస్తువులను ఏరుకొను అలవాటు మనుష్యులమీదికి వచ్చినప్పుడు దాని క్రూరత్వము బయటపడును. పశువుల సంతలో బేరగాడు ఎద్దు పండ్లు చూచును, నడక చూచును, తోక సుడి చూచును. ప్రతిదానికి ఒక వంక చెప్పును. అతనికి ఎద్దు నచ్చలేదని కాదు, ధర తగ్గించుటకు. పెండ్లిచూపులలో అదే తంతు జరుగునప్పుడు లెక్క తలక్రిందులగును. అక్కడ వంక చెప్పినకొలది ఇచ్చువారి మూల్యము పెరుగును. రంగు తక్కువయని ఒకమాట, ఎత్తు తక్కువయని ఒకమాట, పండ్ల వరుస బాగులేదని ఒకమాట; మాటకు ఇంతయని కట్నము హెచ్చును. వరకట్న నిషేధ చట్టము 1961లోనే వచ్చినను ఈ బేరము ఆగలేదు. ఇచ్చట ఖర్చు చెల్లించువారెవరు? కాఫీ పళ్లెముతో పలుమారులు అపరిచితుల ముందు నిలిచిన పిల్ల. అప్పు పత్రముపై చేవ్రాలు చేసిన ఆమె తండ్రి. కాదనినవారు మాత్రము ఇంటికి పోయి భోజనము చేయుదురు.

2020 జూన్‌లో, విదేశములలోని భారతీయ స్త్రీలు విన్నపము చేయగా, పేరుపొందిన వివాహ సంబంధముల వెబ్‌సైటు ఒకటి శరీరపు రంగునుబట్టి వెదకు వీలును తొలగించెను. వెబ్‌సైటులోనుండి తొలగినది మనస్సులోనుండి అంత సులభముగా తొలగదు. క్రైస్తవ పత్రికల వివాహ ప్రకటనలలో సహితము రంగు, కులము అను మాటలు కనబడుట క్రొత్త కాదు. ఒకే బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలుపొందినవారు పెండ్లి సంబంధమనగానే కులము అడుగుట, రొట్టెకు ఒక కన్నును పెండ్లికి మరియొక కన్నును పెట్టుకొనుట కాదా? 1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో, తరువాత దోర్నకల్ బిషప్పయిన అజరయ్యగారు విదేశ మిషనరీలను అడిగినది ధనమును కాదు, స్నేహమును. త్యాగము చేసినవారు సహితము స్నేహితులను ఏరుకొనుచుండిరని ఆయనకు కనబడినది. ఆ మాట నేడు విదేశీయులకంటె స్వదేశపు సంఘములకే ఎక్కువగా తగులును.

ఇక్కడ మరియొకవైపు కూడ చూడవలెను. పిల్ల కాదనినయెడల ఏమందురు? దీనికి ఎవరును నచ్చరందురు. వరుడు కాదనుట విచక్షణ. వధువు కాదనుట వంక. మొదట చెప్పిన పేర్ల పక్షపాతమే ఇచ్చటను ఉన్నది. రిబ్కా కథలో (ఆదికాండము 24) పెద్దలు సంబంధము కుదుర్చుకొనిన తరువాత కూడ ఆమెను పిలిచి, వెళ్లుదువా యని అడిగిరి. అడిగినప్పుడు కాదను వీలు లేనియెడల ఆ అడుగుటకు అర్థము లేదు. తన జీవితమును తాను ఇచ్చునప్పుడు ఆలోచించుట ఏరివేయుట కాదు; అది తన్ను తాను కాపాడుకొను న్యాయమైన హక్కు. ఒక మనిషిని కాదనవలసివచ్చినప్పుడు కూడ, ఆ మనిషిని అంగడి సరకువలె తూచక, నొప్పింపక, వెంటనే నిజము చెప్పి పంపుట ఇరువైపులవారికిని విధి.

పొలము అంచున

మోషే ధర్మశాస్త్రములో ఏరుకొనుటను గూర్చి ఆశ్చర్యకరమైన నియమమున్నది. లేవీయకాండము 19వ అధ్యాయములోను, ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములోను పొలము గలవానికి ఆజ్ఞ ఇయ్యబడెను: అంచులవరకు కోయరాదు, పరిగె ఏరుకొనరాదు, మరచిన పన కొరకు వెనుకకు పోరాదు, ఒలీవ చెట్టును రెండవమారు దులుపరాదు, రాలిన ద్రాక్షపండ్లను ఏరరాదు. అది పరదేశికిని, తండ్రిలేనివారికిని, విధవరాలికిని విడువవలెను. ఒక్క గింజయైనను విడువని జాగ్రత్త లోకమునకు సద్గుణమే. ఈ ధర్మశాస్త్రములో మాత్రము ఆ జాగ్రత్త పేదవాని నోటికాడ కూడు తీయుట. కలవాడు ఏరుట ఆపినచోటనే లేనివాడు ఏరుట ఆరంభించును.

బేత్లెహేము పొలములో మోయాబు దేశపు విధవరాలైన రూతు ఏరినది ఆ పరిగెయే. బోయజు ఆమెను ఏరుకొననిచ్చుటయే గాక, పనలలోనుండి కొన్ని కంకులు కావలెనని జారవిడువుడని తన పనివారికి ఆజ్ఞాపించెను. ఆమె సిగ్గుపడకుండునట్లు గద్దింపవద్దని కూడ చెప్పెను. ఏరుకొనుట పేదరాలికి అవమానము కాకుండునట్లు చూచిన ధనవంతుని గుణమది.

ఆ రూతు కుమారుడు ఓబేదు. ఓబేదు కుమారుడు యెష్షయి. కొన్ని యేండ్లకు సమూయేలు ఆ యెష్షయి యింటికి రాజును ఏర్పరచుటకై వచ్చెను. పెద్దవాడైన ఎలీయాబు ఎత్తును రూపమును చూచి ప్రవక్తయే మోసపోబోయెను. ఏడుగురు ఒకరివెంట ఒకరు దాటిపోయిరి. ఎనిమిదవవాడు వరుసలోనే లేడు, గొఱ్ఱెలయొద్ద నుండెను. తండ్రియే అతనిని లెక్కకు ఎంచలేదు. పొలములో ఏరుకొనిన స్త్రీ మునిమనుమడు సొంత ఇంటిలో ఏరివేయబడినవాడాయెను. దేవుడు ఏర్పరచుకొనినది వానినే. లోకము ఎన్నికలేనివారిగా త్రోసినవారిని దేవుడు ఏర్పరచుకొనెనని పౌలు కొరింథీయులకు వ్రాసినప్పుడు క్రొత్త సంగతి చెప్పలేదు. ఆ పొలపు సంగతినే మరల చెప్పెను.

కాబట్టి ఏరుట మానవలెనని ఎవరును చెప్పనక్కరలేదు. బియ్యములో రాయి, బోధలో అబద్ధము, స్నేహములో మోసము ఏరవలసినవే. అయితే ప్రతి దినము చేతికి వచ్చినదానిని కాదనకముందు చదువరి కొన్ని ప్రశ్నలు వేసికొనవచ్చును. ఈ వంక వస్తువులో నున్నదా, చూపులో నున్నదా, నెపముగా నున్నదా? కాదనినందువలని భారము ఎవరి తలమీద పడుచున్నది? ఇదే పని ఒక పేదవాడు చేసినయెడల దానిని ఏ పేరుతో పిలుతురు? ఏరివేసినది, లేక ఏరివేయబడిన మనిషి, ఇప్పుడు ఎక్కడ?

కడపటి ప్రశ్నకు జవాబు వెదకుచు లేచి వెళ్లువాడు, తాను దాటివచ్చిన వరుసలో ఎనిమిదవవాడు ఎవడో కనుగొనును. వాడు ఇంకను పొలములోనే యుండును, పిలువనంపువారు కావలెను.